పెదవి మీద పళ్లు

మా మనవడి కూతురు బళ్లో ఇచ్చిన క్యాసెట్టు పెట్టుకుని ఇంగ్లీషు మాటలు వల్లిస్తోంది. టేపులో ఎవరో దొరసాని ఒక మాట అంటుంది, కాస్త ఆగుతుంది, అచ్చం అలాంటిదే ఇంకో మాట అంటుంది. ఫ్యాన్ అంటుంది. ప్యాన్ అంటుంది. పిల్ల కూడా వెంటనే అంటుంది. మధ్యలో ఆపి నన్నడిగింది, "తాతమ్మా, ఇప్పుడన్నది ఏది? మొదటిదా, రెండోదా?"

నాకు తెలియలేదు. ఇప్పుడంటే చెవులు పాడయ్యాయని సరిపెట్టుకోవచ్చు. చెవులు బాగున్న రోజుల్లోనూ నాకు తెలియలేదు. మా నాన్నకీ తెలియలేదు. ఆయన కొండమీద ఇంగ్లీషు మేష్టరు.

పిల్లకి ఏదో చెప్పి పంపేశాను. ఆ సాయంత్రమంతా తడిసిన గడ్డికప్పు వాసన నన్ను వదల్లేదు.

అరకు లోయ అంచున ఒక గూడెంలో ఉండేవాళ్లం. మేం పుట్టు కొండవాళ్లం కాము. తాతల నాడు కిరస్తానంలో కలిసిన మైదానపు కుటుంబం. నాన్న మిషనువాళ్ల దగ్గర ట్రైనింగు చదివాడు. కొండమీద బడి పెట్టమంటే తోటివాళ్లంతా తప్పుకున్నారట, నాన్న ఒప్పుకున్నాడు. మన్యం నీళ్లు తాగి బతికినోళ్లు లేరని అమ్మమ్మ గుండెలు బాదుకుంటే, అమ్మ మాత్రం మాట్లాడకుండా మూట కట్టుకుందట. నేను పుట్టింది ఆ గూడెంలోనే.

బడంటే ఒకటే పాక. వెదురు తడికకి పేడా మట్టీ మెత్తిన గోడలు, పైన గడ్డి. ఆదివారం అదే గుడి. పిల్లల తలలకి రాసిన ఇప్పనూనె వాసన, బట్టలకి పట్టిన పొగ వాసన, వానలొస్తే గడ్డి కుళ్లిన వాసన. పలకలు కొందరికే ఉండేవి. మిగతావాళ్లు నేలమీద పరిచిన ఇసకలో వేలితో రాసేవాళ్లు. పొద్దున్నే తెలుగు, లెక్కలు. ఎండ గుమ్మంలోకి వచ్చాక ఇంగ్లీషు.

నాన్నకి ఇంగ్లీషంటే మాటలు కాదు, మోతలు. ట్రైనింగులో ఒక ముసలి దొరసాని ఆయనకి నేర్పిందట, ఏ అక్షరానికి నాలిక ఎక్కడుండాలి, పెదవి ఎక్కడుండాలి అని. అదంతా మాకు ఎక్కించాలని ఆయన ఆరాటం. ప అన్నప్పుడు నోటి ముందు పెట్టిన ఈక ఎగరాలి, బ అన్నప్పుడు కదలకూడదు. తేనెటీగ జుమ్మన్నట్టు అంటే అది జెడ్. ఈకలకి కొదవ లేదు, అమ్మవారికి కోసిన కోళ్లవి గట్టుమీద ఎప్పుడూ పడి ఉండేవి. మేం ఏరుకొచ్చేవాళ్లం. ఒకరోజు అమ్మవారి పూజలు చేసే గురువు బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి పంతులుబాబూ, అమ్మోరికి కోసిన కోడి ఈకలు గుంటల నోటికాడ ఊపుతన్నావంట?"

"గాలి ఎంత వస్తుందో చూడ్డానికండీ," అన్నాడు నాన్న.

"గాలి సూడ్డానికి అమ్మోరి కోడే దొరికిందా నీకు? రేపు ఏటన్నా అయితే నానేటి సెప్పాల ఆ తల్లికి?"

అప్పట్నుంచి ఈకలు మానేసి విస్తళ్లు కుట్టే అడ్డాకు చీల్చి పెట్టుకునేవాళ్లం. అది బరువు. ప అన్నా కదిలేది కాదు, బ అన్నా కదిలేది కాదు.

నా పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. అమ్మానాన్న లేరు, మామ్మే పెంచింది. మా ఇంటి వెనకే వాళ్ల ఇల్లు. కోక కొంగులో ఎప్పుడూ కాల్చిన పనసపిక్కలు మూట కట్టుకునేది. నాన్న బోర్డువైపు తిరిగినప్పుడల్లా ఒకటి నా ఒళ్లో వేసేది. నోరు నిండా పిక్క పెట్టుకుని ఇంగ్లీషు పలికితే పొడి నా మొహం మీద పడేది, ఇద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. చర్చి అనమంటే సర్సి అనేది. నాన్న పదిసార్లు అనిపిస్తే పదిసార్లూ సర్సే. "నాకు నాలిక అటు తిరగదు పంతులుబాబూ, అంతేటి సేత్తాను," అని తేల్చి చెప్పేసింది.

అన్నిటికంటే మమ్మల్ని ఏడిపించింది ఫ.

"ఇది మన ఫ కాదర్రా," అనేవాడు నాన్న. "ఫలము అన్నప్పుడు పెదవులు రెండూ కలుస్తాయి. ఇంగ్లీషు ఫకి కలవకూడదు. పై పళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలాలి. తెలుగులో రాస్తే రెండూ ఒక్క అక్షరమే, అక్కడే మోసపోతాం."

ఇంతా చెప్పి, పళ్లు పెదవి మీద ఆనించి అందరికీ చూపించి, ఆ పళ్లు తీసేసి, 'ఫాదర్' అనేవాడు. తీసేసరికి అది పాదర్ అయిపోయేది. ఆ సంగతి ఆయనకి తెలియదు. మేమూ అలాగే ముందు పెదవి కొరికి, ఆనక వదిలేసి, పాదర్ అని అరిచేవాళ్లం. అన్నం ముందు ప్రార్థన చేసినట్టు, మాట ముందు పెదవి కొరకాలి కాబోలనుకున్నాం.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. వానలతో పాటు చలిజ్వరం ఎప్పుడూ వచ్చేదే, కాని ఏటా వానలకి ముందు పాత దొర ఒక డబ్బా క్వినైను బిళ్లలు పైకి పంపేవాడు. నాన్న ఇంటింటికీ వెళ్లి మింగించేవాడు. ఆ దొర సీమకి వెళ్లిపోయాడు. కొత్త దొరకి ఈ ఆనవాయితీ ఎవరూ చెప్పలేదు. వానల్లోనే బడి చూడ్డానికి ఆయన పైకి వస్తాడని కబురొచ్చింది. వచ్చినప్పుడు నోటితో అడుగుదామని నాన్న ఆగాడు.

ఈలోగా గూడెం మంచం పట్టింది. ఏ ఇంటి ముందు నుంచి నడిచినా లోపల పళ్లు టకటక కొట్టుకునే చప్పుడు. ఉన్న గుడ్డలన్నీ కప్పినా, మీద మనిషి కూర్చున్నా వణుకు ఆగేది కాదు. కాసేపటికి ఒళ్లు నిప్పయిపోయేది, తరవాత చెమటలు. మధ్యలో ఒకరోజు లేచి తిరిగేవాళ్లు, పోయిందనుకునేవాళ్లు, మర్నాడు అదే వేళకి మళ్లీ. అమ్మ కుండెడు నేలవేము కషాయం కాచి చెంబులతో మోసింది. చంటిపిల్లలు ముందు పోయారు. నా పనసపిక్కల జతకత్తె బడికి రావడం మానేసింది. బళ్లో చాపలన్నీ ఖాళీ.

దొర అలాంటి రోజునే వచ్చాడు. బాగా కుర్రవాడు, ఎండకి మొహం ఎర్రగా కమిలి ఉంది. తెలుగు ఇంకా పట్టుబడలేదు. మాటలు తిప్పి చెప్పడానికి వెంట రావలసిన మునిషీకి మన్యం అంటే భయం, ఘాటీ దారి కిందే ఏదో వంక పెట్టి ఆగిపోయాడట. నాన్న నల్లకోటు వేసుకున్నాడు, తలపాగా చుట్టుకున్నాడు. బళ్లో మేం గుప్పెడుమందిమి లేచి గుడ్మార్నింగు చెప్పాం.

దొర ఖాళీ చాపలు చూశాడు. ఏదో అడిగాడు. పిల్లలేరీ అనే అయ్యుండాలి.

"పీవర్ సార్," అన్నాడు నాన్న. ముందు పెదవి కొరికే అన్నాడు, నేను చూశాను. "ఆల్ చిల్డ్రన్ పీవర్ సార్."

దొర కనుబొమలు ముడిచాడు. "పేపర్?"

"యెస్ సార్. పీవర్ సార్."

దొర వంగి, ఇసకలో మేం రాసిన ఏబీసీడీలు చూశాడు. ఆయన మొహంలో జాలి కనిపించింది. నా వేలు పట్టుకుని, దానికంటిన ఇసక దులిపాడు. నాన్నతో మెల్లిగా, ఒక్కొక్క మాటే పలికాడు. నీ దగ్గర ఏమీ లేదా అన్నట్టు అడిగాడు.

"నతింగ్ సార్. కైండ్లీ సెండ్ సార్. బేగి... క్విక్లీ సార్."

"ఐ విల్ సెండ్ పేపర్. ప్లెంటీ," అన్నాడు దొర, నాన్న భుజం తట్టి.

నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెవికి అది తను అన్న మాటే. నా చెవికీ అంతే. దొర అటు గట్టు దిగాడో లేదో, ఇటు నాన్న గూడెమంతా తిరిగి చెప్పాడు, మందు వస్తోంది, దొర మాటిచ్చాడు అని. ఆ రాత్రి అమ్మ బెల్లం వేసి చోడిరొట్టెలు కాల్చింది. జతకత్తె తలకాడ కూర్చుని నేను కూడా అదే చెప్పాను. తన మామ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, ఏ దిక్కుకో తెలియదు.

దొర మాట తప్పలేదు. నిజానికి చాలా తొందరగానే పంపాడు. జడివానలో ఇద్దరు కావిడివాళ్లు మైనగుడ్డ చుట్టిన కట్టలు మోసుకుని వచ్చారు. నడవగలిగినవాళ్లంతా బడి ముందు చేరారు. గూడెం పెద్ద నాయుడు, వాళ్ల ఇంట్లోనూ ఇద్దరు మంచాల మీదే ఉన్నారు, తనే ముందుకొచ్చి ముడులు విప్పాడు.

తెల్ల కాగితం. కట్ట మీద కట్ట, ఒక్క మరక లేకుండా, చుక్క తడవకుండా. నాన్న ఒక కట్ట తీసి అడుగున చూశాడు. ఇంకోటి తీశాడు. అన్నీ విప్పి, మధ్యలో ఎక్కడైనా డబ్బా పెట్టారేమోనని వేళ్లు దూర్చి వెతికాడు. ఒక కాగితం చేత్తో పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. పేపర్, అనుకుంటున్నాడు. ఫీవర్, అనుకుంటున్నాడు. మళ్లీ పేపర్. నాలుగైదుసార్లు అనుకుని, ఆయన మొహం ఒక్కసారి మారిపోవడం నేను చూశాను.

"మందేదీ పంతులుబాబూ?" అన్నాడు నాయుడు.

"ఇది మందు కాదు నాయుడూ. రాసుకునే కాయితం."

"దొర మందు పంపుతాననీసేడని నువ్వే సెప్పినావు గదా."

"నా మాట దొరకి తెలియలేదు."

నాయుడు చేతిలోని తాడు కింద పడేశాడు. "మా మాట దొరలకి తెలీదని గదా, నిన్ను ఇక్కడ ఉంచుకున్నాం," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాన్నకి కొంత నయంగా ఉండేది.

అప్పుడు జతకత్తె మామ్మ ముందుకు వచ్చింది. "ఓ ముక్క ఇయ్యి బాబూ," అంది.

"ఇది మందు కాదు మామ్మా."

"అంత దూరం నుంచి దొర ఊరకే అంపుతాడేటి? నీకు తెలీకపోతే తెలీకపోనాది. గుంట సేతికి కడతాను, ఇయ్యి."

నాన్న మళ్లీ చెప్పాడు, నీళ్లలో నానబెట్టి తాగించొద్దని, దీంట్లో ఏ గుణమూ లేదని. ఆమె చేయి చాపి అలాగే నిలబడింది. ఆమె వెనక ఇంకో చేయి, ఇంకో చేయి. నాన్న కాగితాలు పంచడం మొదలుపెట్టాడు. పళ్లెంలో ప్రసాదం పెట్టినట్టు ఒక్కొక్కటీ, తల ఎత్తకుండా. ఆఖరి కాగితం దాకా పంచేశాడు.

రాసి పంపితే ఉత్తరం కొండ దిగాలి, మళ్లీ మందు ఎక్కాలి, నేనే పోతాను అన్నాడు అమ్మతో. నన్ను కూడా తీసుకెళ్లి అమ్మమ్మ దగ్గర దిగబెట్టమంది అమ్మ. తను రాలేదు. కషాయం కాచేది ఎవరు అంది.

ఎండిన ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని బయల్దేరాం. అనంతగిరి ఘాటీ పొడుగునా నాన్న ఫ పలుకుతూనే నడిచాడు. పళ్లు ఆనించేవాడు, వదిలేవాడు, అనేవాడు. "ఇప్పుడేం వినిపించిందమ్మా?" అని నన్నడిగేవాడు. నేను ఫ అనేదాన్ని, ఆయన మొహం చూసి. "నిజం చెప్పు." అప్పుడు తెలియదు నాన్నా అనేదాన్ని. నన్ను అనమని ఆయన వినేవాడు. ఆయనకీ తెలిసేది కాదు. ఎదురుపడ్డ కట్టెలవాళ్లు, పెదాలు కొరుక్కుంటూ దిగుతున్న మమ్మల్ని చూసి దారి పక్కకి తప్పుకున్నారు. ఘాటీ దిగేసరికి నాన్న కింది పెదవి చిట్లి నెత్తురు వచ్చింది.

మిషను బంగళా వరండాలో దొర టీ తాగుతున్నాడు. మునిషీ సొంత ఊరు పోయాడట, వంటవాడు సంతకి పోయాడు. మెట్ల దగ్గర తోటమాలీ, పంకా లాగే మనిషీ ఉన్నారు, వాళ్లకి ఇంగ్లీషు రాదు. దొర నాన్నని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, సంతోషంగా. "పేపర్ గుడ్?"

"నో పేపర్ సార్. పీవర్ సార్." తొందరలో పెదవి కొరకడం కూడా మర్చిపోయాడు.

దొరకి అర్థం కాలేదు. పంపానుగా అన్నట్టు చేతులతో కొండవైపు చూపించాడు.

"కోయినైన్ సార్. కోయినైన్ కైండ్లీ గివ్ సార్."

"కాయిన్?" దొర మొహంలో నవ్వు తగ్గింది. కాయిన్ అంటే డబ్బు అని నాకు కూడా తెలుసు, మా రీడరులో ఉంది. ఇంత కాగితం పంపితే ఇప్పుడు డబ్బు అడుగుతున్నాడు అనుకున్నాడు కాబోలు. నాన్న కంగారుగా జేబులు తడుముకున్నాడు, రాసి చూపిద్దామని. గూడెం నిండా కాగితం పంచిన మనిషి జేబులో చిన్న ముక్క లేదు.

అప్పుడు నాన్న మెట్ల మీద కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించి, కోటు తలమీదుగా లాక్కుని, వణకడం మొదలుపెట్టాడు. పళ్లు టకటకలాడుతున్నాయి, కాళ్లు కొట్టుకుంటున్నాయి. పంకా మనిషి నవ్వాడు. నిజంగానే జ్వరం తగిలిందని నేను పరుగెత్తి ఆయన్ని పట్టుకున్నాను.

"ఉండమ్మా," అన్నాడు నాన్న, వణుకుతూనే. "దొరకి చెప్తున్నాను."

కోటు తీసేసి నుదుటి చెమట తుడుచుకున్నట్టు చూపించాడు. కళ్లు మూసి తల వాల్చాడు. తరవాత చేయి గాలిలో నిలిపి ఇంత పిల్ల అని చూపించాడు, ఇంకాస్త కిందకి దించి ఇంత పిల్లాడు అని చూపించాడు, ఇంకా దించి, చివరికి అరచెయ్యి నేలమీద బోర్లా పరిచి అలాగే ఉంచేశాడు.

పంకా మనిషి నవ్వు ఆగిపోయింది.

"ఫీవర్," అన్నాడు దొర. పళ్లు పెదవి మీద ఉండగానే ఆ మాట వచ్చింది, తీసేశాక కాదు. నేను చూశాను. నాన్న కూడా చూశాడు, నేలమీద చెయ్యి తియ్యకుండానే.

దొర లోపలికి పరుగెత్తాడు. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తనే రెండు చేతులా పట్టుకొచ్చాడు. నాన్న పక్కనే మెట్టు మీద కూర్చుని ఏదేదో చెప్పాడు, ఎన్ని బిళ్లలు ఎవరికి అని కొంత, మిగతాది ఏమిటో. నాన్న దేనికీ యెస్ సార్ అనలేదు, తల ఊపుతూ విన్నాడు. నన్ను అమ్మమ్మ ఇంట్లో దిగబెట్టి, మంచినీళ్లు తాగి, ఆ మధ్యాహ్నమే కొండెక్కాడు.

నేను అమ్మమ్మ దగ్గర వరి అన్నం తిన్నాను, చేపల పులుసు తిన్నాను. అమ్మమ్మ తలంటి పోసి, మన్యం మకిలి వదిలిందంది. కొండమీద నుంచి సంతకి దిగినవాళ్లు కనిపిస్తే పరుగెత్తి అడిగేదాన్ని. వాళ్లు వేరే గూడేలవాళ్లు. మీ గూడెం సంగతి మాకేటి తెలుసు అనేవాళ్లు. అడగడం తప్ప నేను చెయ్యగలిగింది లేకపోయింది.

వలిసె పూసి చేలన్నీ పచ్చబడ్డాక నాన్న వచ్చి నన్ను పైకి తీసుకెళ్లాడు. దారిలో ఎవరి సంగతీ చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను. గూడెంలో కొన్ని ఇళ్లకి తలుపు కాడ ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. నాయుడి ఇంట్లో మంచాన పడ్డ ఇద్దరిలో ఒకరే మిగిలారు.

నా జతకత్తె గుమ్మంలో కూర్చుని చింతపిక్కలు కొడుతోంది. బతికే ఉంది. దూరం నుంచే ఒలే, ఒలే అని కేకవేస్తూ పరుగెత్తాను. తల ఎత్తలేదు. అలిగిందనుకున్నాను. నా నీడ తన ఒళ్లో పడ్డాక చూసింది, చూసి నవ్వింది, పనసపిక్కల కోసం కొంగు తడుముకుంది.

"సెవులు ఎల్లిపోనాయే," అంది మామ్మ లోపల్నుంచి వచ్చి. "జొరం దిగిన నాడే. సెవుల్లో గంటలు కొడతన్నాయని ఏడ్సీసింది. ఆనక గంటలూ ఆగిపోనాయి. జొరమే తీసుకుపోనాదో, మందే తీసుకుపోనాదో. పేనం నిలబడింది, సాలు. దొర కాయితం కట్టబట్టి నిలబడింది."

నాన్న నా జతకత్తెని బళ్లో ముందు కూర్చోబెట్టుకున్నాడు. మొదటిరోజే ఒక పని చేశాడు. ఆ పిల్ల మొహానికి ఎదురుగా వంగి, 'ఫీవర్' అన్నాడు. ఇప్పుడు ఆయనకి వచ్చేసింది, దొర నోటి నుంచి నేర్చుకున్నాడు. నుదుటి మీద చెయ్యి వేసి చూపించాడు. 'పేపర్' అని, గోడకి గుచ్చిన కాగితం చూపించాడు. రెండోసారి చూపించనక్కర్లేకపోయింది. నాన్న ఏది అంటే తను దానికి తగ్గట్టు నుదురో కాగితమో తాకేది. ఒక్కటి తప్పలేదు. మమ్మల్నీ ఒక్కొక్కరినే అనమన్నాడు. మేం పెదవి కొరికి, వదిలి, ఫీవర్ అన్నాం. తను అందరికీ కాగితమే చూపించి, పొట్ట పట్టుకుని నవ్వింది. మా చెవులకి అందనిది తన కంటికి కనిపిస్తోంది. మేం కూడా నవ్వాం. నాన్న బోర్డువైపు తిరిగి, తుడిచిన బోర్డునే చాలాసేపు తుడిచాడు.

కాని ఆ ఒక్కటే ఆ పిల్లకి దక్కింది. పాపా బాబూ మామా అంటే పెదాల మీద మూడూ ఒకలాగే ఉంటాయి, తనకి మూడూ ఒకటే. పిండి తెమ్మంటే బిందె తెచ్చేది. వెనకనుంచి పిలిస్తే లేదు, చీకటిపడితే అసలే లేదు. నెమ్మదిగా బడి మానేసింది. మామ్మతో పోడు చేను పనికి వెళ్లిపోయేది.

"ఆ ఒక్క మాట నాకు ముందే వచ్చి ఉంటే," అన్నాడు నాన్న ఒకరాత్రి అన్నం ముందు కూర్చుని. అమ్మ చారు పోసింది.

మరుసటేడు మమ్మల్ని మైదానానికి మార్చారు. చెప్పి వద్దామని జతకత్తె ఇంటికి వెళ్తే ముళ్లకంప అడ్డం ఉంది. చేలో చోళ్లు కంకుల్లో పాలు పోసుకుంటున్నాయి, పిట్టల కాపలాకి వెళ్లారన్నారు. మర్నాడు సామాను కావిళ్లకెత్తి ఘాటీ దిగుతున్నాం. లోయకి అవతలి వాలులో, మంచె మీద తను కనిపించింది. చిన్న బొమ్మంత. రెండు చేతులూ ఎత్తి పిట్టల్ని తోలుతోంది. హో, హో అని తను వేసే కేక లోయ దాటి మా దాకా స్పష్టంగా వస్తోంది.

నేను గొంతు చించుకుని పిలిచాను. నాన్న కావిడివాణ్ణి ఆగమని, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని తనూ పిలిచాడు. అమ్మ కొంగు విప్పి ఊపింది. తను అటు తిరిగి ఉంది, చేనువైపు. మధ్యలో అంత లోయ. దిగి ఎక్కాలంటే పొద్దుగూకుతుంది. వానమబ్బు కమ్ముకొస్తోందని కావిడివాళ్లు తొందరపెట్టారు. మలుపు తిరిగాక మంచె కనబడలేదు. హో, హో అనే కేక మాత్రం ఇంకా చాలా దూరం మాకు వినిపించింది.